కిటికీ దగ్గర పలకని పేరు

నేనింకా బతికే ఉన్నానని ఏడాదికోసారి ప్రభుత్వం వారికి రుజువు చేసుకోవాలి. ఇదివరకు ఆఫీసుకి వెళ్ళి బల్ల ముందు నిలబడితే సరిపోయేది, గుమస్తాగారు తలెత్తి చూసి కాస్త నిరాశపడి సంతకం పెట్టించుకునేవారు. ఇప్పుడు ఫోనులోనే బతికి చూపించాలట. మొన్న ఆ పనికి కూర్చుని మా మనవరాలు, తాతయ్యా, ఎవరూ ఊహించలేని మాట ఒకటి చెప్పు, తాళంగా పెడతాను అంది. నేను క్షణమైనా ఆలోచించకుండా ఒక మాట చెప్పాను. ఫోను ఎర్రబడి, మీ మాట బలహీనంగా ఉంది అని తేల్చేసింది. మోకాళ్ళ సంగతి డాక్టరు చెప్పగా విన్నదే, మాట సంగతి కూడా తెలిసిపోయిందన్నమాట.

ఆ పిల్ల ఉద్యోగమే అది. ఒక కంపెనీలో వందలమంది కలిసి వాడుకునే ఫైళ్ళు ఉంటాయట, ఎవరు ఏ ఫైలు తెరవొచ్చు, ఎవరు చూడొచ్చుగానీ చెయ్యిపెట్టకూడదు, ఎవరు దాని ఛాయలకి కూడా రాకూడదు అని కనిపెట్టి ఉండే ప్రోగ్రాములు రాస్తుందట. ఆ మాట విని నేను నవ్వితే, తాతయ్యకి అర్థంకాక నవ్వుతున్నాడనుకుంది. అర్థమయ్యే నవ్వాను. మీలో నా ఈడువాళ్ళు నమ్ముతారో లేదోగానీ, కరెంటు వచ్చినరోజు పండగలా ఉండే కాలంలో, ఒక ఫుల్‌స్కేపు కాగితం, ఒక గళ్ళ తెర, ఒక చెక్కబీరువా పెట్టుకుని నేను చేసిన ఉద్యోగం కూడా అచ్చంగా అదే. నా ప్రోగ్రాములో నేనే పెట్టిన చిల్లు ఒకటి ఉండేది. దాంట్లోంచి ఒక ఇల్లాలి సంసారం జారిపోబోయిన పూట గురించే ఇదంతా.

అరవైల దశకం చివరి సంవత్సరాలవి. శ్రీకాకుళం, విజయనగరం రెంటికీ నడుమ రైలుకట్టకి దగ్గర్లో ఉన్న ఒక ఆసుపత్రిలో నాకు రికార్డు గుమస్తా పని దొరికింది. పేరూ ఊరూ రాయను, ఎందుకు రాయనో చదివితే మీకే తెలుస్తుంది. అప్పట్లో నోటితో అనడానికి కూడా జనం భయపడి పెద్దరోగం అని పిలిచే జబ్బుకి అక్కడ వైద్యం చేసేవారు. వారం వారం వచ్చి మాత్రలు తీసుకుని వెళ్ళిపోవడమే, మందు మొదలెట్టాక ఎవరికీ అంటుకోదని మా పెద్ద డాక్టరుగారు గొంతు పోయేలా చెప్పేవారు. కానీ ఆయన గొంతు ఆసుపత్రి గోడ దాటేది కాదు, గోడ అవతల ఒక్క పుకారు చాలు మనిషిని వాకిట్లోంచి గెంటెయ్యడానికి. అందుకని మా దగ్గరికి వచ్చే ప్రతివాళ్ళూ ఇంట్లో ఏదో ఒక అబద్ధం చెప్పి వచ్చేవారే. పశువుల సంతకనీ, మొక్కు ఉందనీ, కోర్టు వాయిదా అనీ. అన్ని అబద్ధాలమీద నడిచిన అంత నిజాయితీగల ఆసుపత్రిని నేను మళ్ళీ చూడలేదు.

నేను చేరిన కొత్తలో రోగులందరి పేర్లూ ఒక పెద్ద పుస్తకంలో ఉండేవి, ఆ పుస్తకం వరండాలో బల్లమీద ఉండేది. పెళ్ళిసంబంధాలు కుదిర్చే పెద్దమనిషి ఒకాయన, దాహం పుచ్చుకునే నెపంతో వచ్చి నాలుగు పేజీలు తిరగేసి పోయాడు. తరవాతి వారానికి, జబ్బు నయమై మందు కూడా మానేసిన ఒక పిల్లకి నిశ్చితార్థం చెడిపోయింది. వాళ్ళ నాన్న మా గేటు దగ్గర నిలబడి, ఒక్క తిట్టు కూడా తిట్టకుండా, పుస్తకం వైపు చాలాసేపు చూసి వెళ్ళాడు. ఆ సాయంత్రం పెద్ద డాక్టరుగారు నన్ను పిలిచి, ఇంకోసారి ఇలా జరిగితే ముందు నువ్వు వెళ్తావు, తరవాత నేను వెళ్తాను అన్నారు.

ఆ భయంలోంచి పుట్టింది నా పద్ధతి కాగితం. పేర్లు తీసేసి నంబర్లు వేశాను. రోగికి నంబరు రాసిన అట్టచీటీ ఒకటి. దాంతోపాటు తనకి తాను ఎంచుకున్న గుర్తుమాట ఒకటి, అది నా బీరువాలో ఉండే కార్డుమీద తప్ప ఎక్కడా ఉండదు. కిటికీకి గళ్ళతెర కట్టాను, రోగి మొహం నాకు కనపడదు, నా మొహం రోగికి కనపడదు, తెర కింద నాలుగు వేళ్ళ సందులోంచి చీటీ లోపలికి వస్తుంది, మాట చెవికి వస్తుంది, రెండూ సరిపోతే కేసు కాగితం బయటికి వెళ్తుంది. చీటీ ఉండి మాట లేకపోతే కూర్చోబెట్టు, మాట ఉండి చీటీ లేకపోతే డాక్టరుగారికి చెప్పు, రెండూ లేకపోతే మంచినీళ్ళిచ్చి పంపించు అని మెట్లు మెట్లుగా రాసి గోడకి అంటించాను. మనవరాలు ఆ మెట్లని ఏదో ఇంగ్లీషు పేరుతో పిలిచింది, నేను మాత్రం పద్ధతి అనే అనుకున్నాను.

లోపలివాళ్ళకి కూడా కట్టుబాటే. కేసు కాగితాలని మూడు మడతలుగా టేపుతో కట్టి, కట్లు కట్టేవాడు పుండ్ల మడత, కాంపౌండరు మందుల మడత, డాక్టరుగారొక్కరే మూడూ విప్పేలా ఏర్పాటు చేశాను. వాళ్ళకీ తలో మాట. మా కాంపౌండరు ఎన్నాళ్ళైనా ఉప్మా అనే మాటతోనే కాలక్షేపం చేశాడు. మార్చవయ్యా అంటే, ఉప్మా మారిస్తే మనిషన్నవాడు ఏం తింటాడండీ అనేవాడు.

రోగులు ఎంచుకున్న మాటలది ఇంకో భాగోతం. మొదటివారం సగంమంది పైడితల్లి అన్నారు, మిగతా సగం పైడితల్లమ్మ అన్నారు. అందరికీ ఒకే తల్లైతే నా బీరువాకి దిక్కెవరని, దేవుళ్ళ పేర్లు పనికిరావని రూలు పెట్టాను. అప్పుడు ఎడ్ల పేర్లు, చుట్టాల ఊళ్ళు వచ్చాయి. భీమిలి వైపునుంచి వచ్చే ముసలి పల్లెకారు ఒకాయన చేప పేరు పెట్టుకున్నాడు, బాగుందనుకున్నాను, తీరా చూస్తే వారం వారం తన వలలో పడిన చేప పేరు చెప్పేవాడు. సముద్రం మారిస్తే నానేటి సేతాను బావూ అని నన్నే నిలదీసేవాడు.

ఆ రోజుల్లోనే పొందూరు వైపునుంచి ఒక అమ్మాయి రావడం మొదలుపెట్టింది. ఖరగ్‌పూర్ రైల్వే కార్ఖానాలో పనిచేసే భర్త సెలవులో వచ్చినప్పుడు ఆమె బొటనవేలి మొదట్లో తిమ్మిరెక్కిన మచ్చ చూసి, తనే వెంటబెట్టుకొచ్చి చేర్పించి మళ్ళీ పనిలోకి వెళ్ళిపోయాడు. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, ఊపిరి తగిలితే తెగేంత సన్నటి నూలు వడికే చెయ్యి అది, ఆ వేళ్ళకి స్పర్శ పోతే కంటికి చూపు పోయినట్టే. ఇంట్లో అత్తగారు, మొగుడు పోయి పుట్టింట్లోనే ఉంటున్న ఆడపడుచు, ఏడాది నిండని ఆడపిల్ల. వాళ్ళకి తెలిస్తే పిల్లని ఉంచుకుని తల్లిని పంపేస్తారు, అందులో అనుమానం లేదు, అప్పటికి అలాంటివి మూడు నేనే చూశాను. విజయనగరంలో మంచాన పడ్డ మేనత్తని చూసి వస్తానని చెప్పి, పిల్లని అత్తగారికి అప్పజెప్పి, ప్రతి లక్ష్మీవారం పాసింజరు బండిలో వచ్చి మా దగ్గర దిగేది.

చేరిన రోజున గుర్తుమాట ఏం పెట్టమంటావమ్మా అని తెర ఇవతలినుంచి అడిగితే, మా ఇంటాయన పేరు పెట్టండి అంది. ఆ పేరేమిటి అన్నాను. అవతల చప్పుడు లేదు. నేను కొత్త ఉద్యోగం ఊపులో ఉన్నాను, మళ్ళీ గద్దించి అడిగాను. చాలాసేపటికి, శ్రీకూర్మంలో సామి ఉన్నాడు గదండీ, ఆ సామి పేరుకి రావు తగిలించుకోండి అంది. అప్పటికిగానీ నాకు వెలగలేదు. మన వైపు ఏ ఇల్లాలైనా మొగుడి పేరు నోటితో అంటుందా? మరి ప్రతివారం పలకాల్సిన మాట, నోట రానిది ఎందుకమ్మా ఎంచుకున్నావు అంటే ఆమె చెప్పిన జవాబు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

“సచ్చినా నాను అననిది అదొక్కటే గదా బావూ. నిద్రట్లో కూడా నా నోటంట జారదు.”

ఇంత గట్టి లాజిక్కు నేను కాలేజీలో కూడా వినలేదు. కార్డుమీద కూర్మారావు అని రాసుకున్నాను. ఇక ఆమెకి వెసులుబాటు ఎలా? మిగతావాళ్ళలాగా పలకమంటే పలకదు, పలక్కపోతే నా కాగితం ఒప్పుకోదు. నాకు జాలెక్కువ, ముందుచూపు తక్కువ. పెన్సిలుతో ఆమె చీటీ వెనక కూర్మారావు అని రాసిచ్చి, నువ్వు నోరు విప్పక్కర్లేదమ్మా, చీటీ తిప్పి చూపిస్తే చాలు, అదే చెప్పినట్టు లెక్క అన్నాను. ఆమెకి చదువు రాదు, కాబట్టి రాసిందేమిటో ఎవరికీ తెలియదని నా ధీమా. చదువు రానివాళ్ళ ఇంట్లో చదువు వచ్చినవాళ్ళు ఉండకూడదని నేను ఏ రూల్లో రాశానో మరి! పద్ధతంతా కట్టి, తాళంచెవిని తాళానికే కట్టి ఇచ్చిన ఘనుణ్ణి నేను.

అలా ఏడెనిమిది నెలలు గడిచాయి. వారం వారం తెర కింద చీటీ బోర్లా పడేది, నేను కేసు కాగితం జరిపేవాణ్ణి, అంతే, మాటా మంతీ లేదు. ఆమె గొంతు నాకు గుర్తుపట్టేంత తెలియదు, మొహం అసలు తెలియదు. చేతులంటారా, మా కిటికీ దగ్గర చేతులు చూడకపోవడమే మర్యాద. ఒకవారం పెద్ద డాక్టరుగారు నా వెనక నిలబడి చూసి, ఈవిడకి మాత్రం ఎందుకు మినహాయింపు అన్నారు. ఆయన ఈ వైపు మనిషి కాదు, నేనేదో నసిగాను. ఆయన వెళ్ళాక, వచ్చేవారం నుంచి మీరూ పలకాలమ్మా అని తెరవైపు తిరిగి కాస్త కరుగ్గానే అన్నాను.

ఆ వచ్చేవారం లక్ష్మీవారం పొద్దున్న పదిన్నరకి, తెర కిందినుంచి ఆ నంబరు చీటీ వచ్చింది. బోర్లా కాదు, వెల్లకిలా. వెంటనే స్పష్టంగా, గంట కొట్టినట్టు, కూర్మారావు అని వినపడింది.

మీకు దాపరికమెందుకు, మొదట నాకు కలిగింది సంతోషం. చూశావా, గట్టిగా చెబితే ఎందుకు వినరు అనుకుంటూ లేచి బీరువా తెరిచి, కేసు కాగితం తీసి, తెర దాకా తెచ్చాను. చీటీ సరిపోయింది, మాట అక్షరం పొల్లుపోకుండా సరిపోయింది, నా కాగితం ప్రకారం ఇవ్వడమే మిగిలింది. అవతలి చెయ్యి అందుకోవడానికి వచ్చింది కూడా. అప్పుడు నా చెయ్యి ఎందుకో ఆగింది. ఆ పేరులో ఎక్కడా తడబాటు లేదు. చిన్నప్పట్నుంచీ వాకిట్లో నిలబడి అన్నానికి కేకేసిన గొంతులా ఉంది.

చెయ్యి ఆగిందిగానీ బుర్ర రెండుగా చీలింది. నేను కసిరానని భయపడి ఆ పిల్ల నిజంగానే మనసు చంపుకుని పలికిందేమో! అలాగైతే ఇప్పుడు ఇవ్వననడం మహాపాపం, ఒకసారి కాదనిపించుకుని వెనక్కి తిరిగిన రోగి మళ్ళీ మా గేటు తొక్కరని డాక్టరుగారు రోజూ చెప్పే మాట. కాదు, ఇది వేరే మనిషే అయితే? ఆ కాగితం పైమడతలో జబ్బు పేరు పెద్ద అక్షరాలతో ఉంది. చివరికి నా కాగితంలో ఏ మెట్టులోనూ లేని ప్రశ్న ఒకటి వేశాను, ఈ పేరుగలాయన మీకేమవుతారమ్మా అని.

“నా పెనిమిటే. కూర్మారావు పెళ్ళాన్ని. ఏటి, నమ్మకం లేదేటి?”

రెండోసారి కూడా అనేసింది. ఇంక నాకు సందేహం లేదు. కాగితం దొరకడం లేదు, కాసేపు కూర్చోండి అని చెప్పి, కేసు కాగితాన్ని చొక్కాలోపల దోపుకున్నాను. ఆవిడ చీటీ లాక్కుని కిటికీ పక్కనున్న బల్లమీద కూర్చుంది. అక్కడ ఎప్పుడూ కూర్చునే ముసలమ్మ ఒకామె ఉంది, ఏళ్ళ తరబడి మా దగ్గర మందు తింటున్న మనిషి. తెర పల్చన, మాటలన్నీ నాకు వినపడుతూనే ఉన్నాయి.

“మా మరదలు మేనత్తని సూడ్డానికని వారం వారం బండెక్కుతాది పిన్నీ. నిన్న దాని రూకల సంచీలో పాత టిక్కెట్టు సూద్దును గదా, ఇక్కడిదాకే ఉన్నాది! పత్తిబుట్టలో ఈ సీటీ, ఎనకాతల మా తమ్ముడి పేరు! ఇక్కడ అందరూ సీటీ ఎట్టి ఏదో మాట సెప్తంటే నానూ ఆ పేరే సెప్పినాను. అదింకా సీటీ ఎతుక్కుంటన్నాది, నాను మాత్రం తెల్లారగట్ల బస్సుకే వొచ్చీసినాను. ఇదేటి ఆసుపత్రి పిన్నీ? ఏ రోగానికి?”

“ఈ బల్లమీద కూకున్నోళ్ళం ఒకళ్ళనొకళ్ళం అడుక్కోం అమ్మా” అంది ముసలమ్మ.

“అలాగేటి! సరే, పదకొండు పాసింజరుకి అదే దిగుతాది గదా. నా కళ్ళతోనే సూస్తాను.”

గోడ గడియారం పదకొండుకి పావు తక్కువ చూపిస్తోంది. ఆ అమ్మాయి బండి దిగి, మా గేటులోకి ఒక్క అడుగు వేసిందంటే చాలు, ఇక చదవాల్సిన కాగితం కూడా అక్కర్లేదు. పిల్ల ఒక చోట, తల్లి ఒక చోట. దీనికంతటికీ కారణం ఒక పెన్సిలు, దాన్ని పట్టుకున్న నేను.

రికార్డు గుమస్తా కిటికీ వదలరాదు, వదిలితే తాళంచెవి డాక్టరుగారికి అప్పగించవలెను అన్నది నా కాగితంలో మొదటి మెట్టు, నేనే ఎర్రసిరాతో గీత గీశాను. డాక్టరుగారు ఆపరేషనులో ఉన్నారు. తాళంచెవి జేబులో వేసుకుని వెనకతలుపులోంచి మందుల గదికి పరిగెత్తి, ఫలానా నంబరుకి వారం మాత్రలు ఇవ్వవయ్యా అన్నాను. అన్నాళ్ళూ నా పద్ధతిని వెక్కిరించిన కాంపౌండరు ఆ రోజే దానికి వీరభక్తుడయ్యాడు.

“రికార్డువాళ్ళకి మందుల మడత లేదు గురూగారూ. తమరే రాశారు. పద్ధతి పద్ధతే.”

బతిమాలడానికి వేళ లేక, ఉప్మా అని అరిచాను. అతను నోరు తెరిచి, “నా మాట మీకెలా తెలిసిందండీ?” అన్నాడు. దాన్ని కార్డుమీద రాసుకున్నవాణ్ణే నేనని గుర్తుచేసి, వంటింట్లో పిల్లులకి కూడా తెలుసని చెప్పి, పొట్లం లాక్కుని సైకిలెక్కాను.

స్టేషనంటే స్టేషను కాదు, ఒక రేకుల షెడ్డు, ఒక గంట. నేను వెళ్ళేసరికి ఇంజను పొగ మలుపు దగ్గర కనపడుతోంది. ప్లాట్‌ఫారం మీద ఊపిరి పీల్చుకుంటుండగా అసలు సంగతి తట్టింది. ఆ అమ్మాయిని నేనెప్పుడూ చూడలేదు! ఎవరి మొహం ఎవరికీ తెలియకూడదని తెర కట్టి మురిసిపోయినవాణ్ణి, ఇప్పుడు ఏ మొహాన్ని వెతకాలి? పేరు కూడా తెలియదు, పేర్లు నేనే కొట్టేశాను. నాకు తెలిసిందల్లా ఒక నంబరు, ఒక మాట. బండి ఆగింది, ఆగేది ఒక్క నిమిషం. ఆడవాళ్ళే పదిహేనుమంది దిగుతున్నారు, అందరి నెత్తిమీదా మూటలే, అందరి చంకల్లోనూ సంచులే.

ఇక సిగ్గు విడిచి, గొంతెత్తి, కూర్మారావూ అని కేకేశాను.

మన జిల్లాలో ఆ పేరుతో కేక వేస్తే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. వేరుశనక్కాయల గంపవాడు వెనక్కి తిరిగి, “నన్నేనా బావూ?” అన్నాడు. మూడో పెట్టె కిటికీలోంచి ఒక ముసలాయన తల బయటికి పెట్టి, “నానే కూర్మారావుని, ఏటయ్యింది? మావోళ్ళెవరైనా పోనారేటి?” అని గాభరాపడ్డాడు. నేను ఆయనకేసి చూడకుండా, మళ్ళీ కూర్మారావూ అని అరుస్తూ ఆడవాళ్ళని చూస్తున్నాను. అందరూ నాకేసి వింతగా చూస్తున్నారు. ఒక్కర్తి మాత్రం, ఒక కాలు మెట్టుమీద, ఒక కాలు నేలమీద ఉండగా, ఆ పేరు చెవిన పడగానే కొంగు నెత్తిమీదికి లాక్కుని, మామగారు ఎదురుపడ్డట్టు తల వంచేసి పక్కకి తిరిగింది.

దగ్గరికి వెళ్ళి, వెనక్కి చూడకండమ్మా, చీటీ కిటికీ మనిషిని నేను అన్నాను. గొంతు గుర్తుపట్టిందల్లే ఉంది, భుజాలు కదిలాయి.

“సీటీ పోనాది బావూ. పొద్దుట్నుంచీ ఎతికినాను.”

మీ ఆడపడుచు చేతిలో ఉంది, ఆవిడ మా వరండాలో మీకోసమే కూర్చుంది, దిగకండి, ఇదే బండిలో విజయనగరం వెళ్ళి మీ మేనత్తగారింట్లో సాయంత్రం దాకా కూర్చుని వెళ్ళండి అని గబగబా చెప్పి పొట్లం చేతిలో పెట్టాను. ఆమె కాలు అలాగే నిలిచిపోయింది.

“గుంటని లాగేసుకుంటారు బావూ” అంది, నాతో కాదు, ఆ ఇనపమెట్టుతో అన్నట్టుగా.

మీ పాపని ఎవరూ లాక్కోరు, వాళ్ళకి ఏమీ తెలియలేదింకా, ఎక్కండి అన్నాను. గార్డు పచ్చజెండా ఊపాడు. టిక్కెట్టు ఇక్కడిదాకేనని గుర్తొచ్చి, ఈవిడ టిక్కెట్టు విజయనగరం దాకా రాయించండి, మా ఆసుపత్రి మనిషే అని గార్డుతో అరవబోయి, ఆసుపత్రి అన్న మాట నోట్లోనే మింగేసి, మా మనిషే అన్నాను. బండి కదిలింది. ఆ రోజు ఆమె ఇంట్లో చెబుతూ వచ్చిన అబద్ధం నిజమైంది. ఇక అబద్ధం ఆడాల్సిన వంతు నాకు వచ్చింది.

తిరిగి వచ్చేసరికి వరండాలో నలభైమంది నామీద విసుక్కుంటున్నారు. ఆడపడుచు గేటుకేసి మెడ సాచి కూర్చునే ఉంది, బండి దిగినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు, ఆవిడ చూస్తున్న మనిషి రాలేదు. నేను తెర వెనక కుదురుగా కూర్చుని ఆ నంబరు పిలిచాను. మీ కాగితం ఇక్కడ ఉండేది కాదమ్మా, పిల్లకి గజ్జి మలాముకోసం రాసిన చీటీ ఇది, పాతది, వెనక్కి ఇచ్చేసి మందు తీసుకెళ్ళండి అని, గంధకం మలాము డబ్బా తెర కింద జరిపాను. 

“గజ్జికా? ఓలమ్మ, గజ్జికేటి ఇంత దాపరికం! ఇంట్లో సెప్తే మేం కాదంటామేటి?” చీటీ లోపలికి వచ్చి పడింది. డబ్బా వెళ్ళింది. చెయ్యి మాత్రం అక్కడే ఉంది. “ఇంకో డబ్బా ఇయ్యండి మరి. నాకూ గోకుడుగానే ఉన్నాది.”

రెండు డబ్బాలిచ్చాను. ఆవిడ గేటు దాటేదాకా కూర్చుని, దాటాక లేచి ఆ చీటీని బీరువాలో పెట్టి తాళం వేశాను. నా పక్కనున్న బల్ల వైపునుంచి ముసలమ్మ, “బావూ, పెన్సిలు మరింక ముట్టుకోకు” అంది, అంతే.

పెద్ద డాక్టరుగారికి అంతా చెప్పాను. ఆయన, మరి అది ఆమె కాదని ఎలా తెలిసింది, మాట తప్పు చెప్పిందా అన్నారు. లేదండీ, కరెక్టుగా చెప్పింది, అందుకే తెలిసింది అన్నాను. అప్పుడాయన, కిటికీ వదిలినందుకు నాకు మెమో ఇచ్చారు, కారణం అని ఉన్నచోట ఏమీ రాయలేదు, రాస్తే అది కూడా ఒక ఫైలే కదా. ఆ ఖాళీగడి నా సర్వీసు పుస్తకంలో పదవీ విరమణ దాకా ఉండిపోయింది, ప్రమోషన్ల వేళ పై అధికారులు ఆ గడిమీద వేలు పెట్టి అడిగేవారు, నేను తల గోక్కునేవాణ్ణి, గజ్జి నాకే ఉందేమోనని వాళ్ళు అనుకుని ఉంటారు. ఇన్నేళ్ళకి ఆ గడి ఇక్కడ నింపుతున్నాను.

ఆ అమ్మాయి మరో రెండేళ్ళపాటు, చీటీ ఇంటికి తీసుకెళ్ళకుండా మా దగ్గరే ఉంచి, వస్తూనే ఉంది. పెన్సిలు మాటని నేను రబ్బరుతో చెరిపేశాను. కిటికీ దగ్గరికి వచ్చి నంబరు చెప్పి ఆగిపోయేది. ఆ ఆగిపోవడమే ఆమె గుర్తుమాట, నేను ఒకటి రెండు క్షణాలు ఆ నిశ్శబ్దాన్ని విని కాగితం ఇచ్చేవాణ్ణి. మందు పూర్తయిన రోజున తెర కిందినుంచి, తను వడికి చుట్టిన చిన్న నూలు చిలప వచ్చింది, ముట్టుకుంటే ఉందా లేదా అనిపించేంత సన్నం. వేళ్ళు బాగున్నాయని దాని అర్థం. పలకండమ్మా, ఈ ఒక్కసారికి అన్నాను హాస్యానికి. తెర అవతల నవ్వు వినిపించింది, మాట మాత్రం రాలేదు. ప్లాట్‌ఫారం మీద వంచిన తల తప్ప ఆమెని నేను మళ్ళీ చూడలేదు, ఎదురుపడినా పోల్చుకోలేను.

మనవరాలు ఇదంతా విని, తాతయ్యా, మా ఆఫీసులో కూడా జాలిపడి పెట్టిన దారిలోంచే దొంగలు వస్తారు అంది. తరవాత కాసేపు ఆలోచించి, మరి ఆగిపోవడాన్ని ప్రోగ్రాములో ఎలా రాయాలి అని అడిగింది. నాకేం తెలుసు? అంతలోనే ఆ పిల్ల పక్కగదిలో ఉన్న మొగుణ్ణి పేరుపెట్టి కేకేసి, ఒరేయ్, కాఫీ చల్లారిపోతోంది అని మళ్ళీ నాకేసి తిరిగింది. పొద్దున్నుంచీ ఆ పేరు నలభైసార్లు విన్నాను, వినడానికి బాగానే ఉంది. అలా పిలుచుకోగలగడం మంచిదే, నా పాత తాళం మాత్రం ఇప్పుడు ఎవరికైనా తెరుచుకుంటుంది. మా ఆవిడ నాతో యాభైరెండేళ్ళు కాపురం చేసి నా పేరు ఒక్కసారి అనకుండా వెళ్ళిపోయింది. రేషన్ షాపులో అడిగితే నన్ను ముందుకి తోసి, ఇదిగో వీరే అనేది. ఇప్పుడు నా పేరు బ్యాంకువాళ్ళు పిలుస్తారు, మందుల షాపువాళ్ళు పిలుస్తారు, ఫోను కూడా పిలుస్తుంది, ఎవరూ ఎక్కడా ఆగరు.

ఆ రోజు నేను ఫోనుకి చెప్పిన మాట కూర్మారావు. అంకెలు లేవు, చుక్కలు లేవు, బలహీనం అంది. మార్చేశాం కాబట్టి మీకు చెప్పినా ఫరవాలేదు. కొత్తది ఏమిటో మనవరాలు కాగితంమీద రాసి, జాగ్రత్త తాతయ్యా అని ఫోను వెనకే అంటించి వెళ్ళింది.